ఒక్క పన్ను ఎంతవరకు చెప్పగలదు?

డైనోసార్ల కాలాన్ని చూపించే బొమ్మల్లో ట్రైసెరాటాప్స్ కాళ్ళ దగ్గరో, పక్కనున్న చెట్టుకొమ్మ మీదో ఒక చిన్న బొచ్చు జంతువు తరచుగా కనిపిస్తుంది. మొనదేలిన మూతి, గుండ్రటి చెవులు, కొమ్మను చుట్టుకున్న పొడవాటి తోక. కింద పేరు రాసి ఉంటే అది చాలాసార్లు ఆల్ఫాడాన్ అయి ఉంటుంది. "ఒపోసమ్‌ను పోలిన, అంతరించిపోయిన క్షీరదం" అని ఒక్క వాక్యంలో పరిచయం. ఆ చెవులనూ తోకనూ ఎవరూ చూడలేదు సరే, ఆ తోక తాలూకు ఎముకలు కూడా ఎవరి చేతికీ రాలేదు. చేతికి వచ్చినవి పళ్ళు, పళ్ళు అంటుకుని ఉన్న దవడ ముక్కలు. ఒక్కో దవడ పన్ను రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది.

అలాగని ఆ బొమ్మ కల్పన అని కొట్టిపారేయడానికి వీల్లేదు. చిక్కంతా "ఒపోసమ్‌ను పోలిన" అన్న మాటలో ఉంది. అందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. దాని పళ్ళు ఒపోసమ్ పళ్ళలా ఉన్నాయన్నది ఒకటి. అది ఒపోసమ్‌కు చుట్టమన్నది మరొకటి. ఒపోసమ్‌లాగే బతికిందన్నది ఇంకొకటి. మొదటిది భూతద్దం కింద పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. రెండోది వందల నమూనాలను పోల్చి తేల్చాలి. మూడోది చాలావరకు అంచనా. ఈ మూడింటినీ ఒకే ధీమాతో చెప్పడం వల్ల పాఠకుడికి అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. ఎందుకంటే పన్ను చెప్పే నిజాలే అబ్బురపరిచేంత పెద్దవి. వాటికి అద్దె నగలు తొడగనక్కర్లేదు.

ఒపోసమ్ మన దేశంలో లేదు కాబట్టి దాని గురించి నాలుగు మాటలు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో నూటికి పైగా జాతుల ఒపోసమ్‌లు ఉన్నాయి. కంగారూ, కోవాలాలతో పాటు ఇవీ శిశుకోశ క్షీరదాలే, అంటే పిల్లను పూర్తిగా ఎదగకముందే కని పాలచన్ను దగ్గర పెంచే జీవులు. అమెరికాలో ఇళ్ళ పెరళ్ళలో తిరిగే వర్జీనియా ఒపోసమ్ గర్భం పన్నెండు పదమూడు రోజులే. ఆ తర్వాత పిల్ల తల్లి చన్నును నోటితో కరచుకుని వారాల తరబడి వదలదు. ఇంకో ప్రత్యేకత దాని నోట్లో ఉంది. మనిషికి 32 పళ్ళు, ఒపోసమ్‌కు 50. పిల్ల పెరిగే తీరుకూ పళ్ళు వచ్చే తీరుకూ సంబంధం ఉంది. ఆ సంబంధం దగ్గరికే ఈ వ్యాసం తర్వాత వస్తుంది.

క్యువియే పందెం

పళ్ళను చూసి జంతువును చెప్పడం అనే విద్యకు పేరు తెచ్చిన సంఘటన పారిస్‌లో జరిగింది. అందులోని జంతువు కూడా ఒపోసమ్ లాంటిదే. మోంమార్త్ర గుట్టలో జిప్సమ్ గనులు ఉండేవి. అక్కడి రాతి పలకలో ఇరుక్కున్న ఒక చిన్న జంతువు జార్జ్ క్యువియే అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త దగ్గరికి వచ్చింది. పళ్ళు, దవడ తీరు చూసి ఆయన ఇది ఒపోసమ్ కుటుంబానిదని తేల్చాడు. అప్పటికి కటి భాగం ఇంకా రాతిలోనే ఉంది. శిశుకోశ క్షీరదాలకు కటి ముందు భాగాన రెండు సన్నటి ఎముకలు ముందుకు పొడుచుకుని ఉంటాయి. ఈ రాతిలోనూ అవి ఉండి తీరాలని క్యువియే చెప్పి, నలుగురినీ పిలిచి, వాళ్ళ ఎదుటే సూదిమొనతో రాతిని తొలిచాడు. ఆ రెండు ఎముకలూ బయటపడ్డాయి. 1804లో ఆయన ఈ వివరం ప్రచురించాడు. ఆ జంతువును ఇప్పుడు పెరథీరియమ్ అంటున్నారు. ఐరోపాలో ఒకప్పుడు ఒపోసమ్ తరహా జీవులు ఉండేవనడానికి అది తొలి సాక్ష్యం.

శరీరంలోని భాగాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఒక ముక్క దొరికితే మిగతాది చెప్పేయవచ్చన్నది క్యువియే సిద్ధాంతం. జోస్యం ఫలించింది. అయితే దాని వెనకున్న తర్కానికి తర్వాతి కాలం ఒక సవరణ చేర్చింది. కటి ముందరి ఆ ఎముకలు శిశుకోశ క్షీరదాల సొత్తు మాత్రమే కావు. గుడ్లు పెట్టే ప్లాటిపస్‌కూ ఉన్నాయి. 1997లో మంగోలియాలోని గోబీ ఎడారి శిలాజాలను పరిశీలించినప్పుడు, మనం చెందిన జరాయు క్షీరదాల (మాయ ద్వారా పోషిస్తూ పిల్లను గర్భంలోనే ఎక్కువకాలం పెంచేవాటి) శాఖకు ఆది చుట్టాలైన ఉఖాథీరియమ్, జలాంబ్డలెస్టిస్ అనే జీవులకు కూడా అవి ఉన్నట్టు తేలింది. అంటే ఆ ఎముకలు క్షీరదాలన్నిటికీ పాత ఆస్తి. మన శాఖ తర్వాత వాటిని పోగొట్టుకుంది. క్యువియే జంతువును సరిగ్గానే గుర్తించాడు. గుర్తింపుకు అసలు ఆధారం పళ్ళే. ఎముకలు దాన్ని కాదనలేదు, అంతవరకే.

ఇదే విద్య ఇంకోచోట తడబడింది. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర స్టోన్స్‌ఫీల్డ్ పలకరాళ్ళ గనుల్లో కొన్ని బుల్లి దవడలు దొరికాయి. 1818లో అక్కడికి వచ్చిన క్యువియే వాటిని చూసి ఒపోసమ్ తరహావే అన్నాడు. 1824లో విలియమ్ బక్లండ్ మెగలోసారస్ అనే భారీ సరీసృపాన్ని లోకానికి పరిచయం చేసిన వ్యాసంలోనే ఈ "ఒపోసమ్" దవడలనూ ప్రస్తావించాడు. అంత పాత పొరల్లో క్షీరదాలు ఉంటాయని అప్పట్లో చాలామందికి నమ్మకం కుదరలేదు. 1838లో బ్లెయిన్‌విల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇవి క్షీరదాలే కావని వాదించగా, రిచర్డ్ ఓవెన్ క్షీరదాలేనని నిలబెట్టాడు. క్షీరదమన్న భాగం నిలిచింది. ఒపోసమ్ అన్న భాగం నిలవలేదు. ఆ దవడలు 16 కోట్ల ఏళ్ళకు పైబడినవి, శిశుకోశ క్షీరదాల శాఖకు ఎంతో ముందటి జీవులవి. చిన్న దవడ, ఎక్కువ పళ్ళు, మొనదేలిన కొనలు అనే పోలికలు పురాతన క్షీరదాల్లో చాలావాటికి ఉమ్మడివి. ఉమ్మడి పోలికను చుట్టరికంగా లెక్కేస్తే ఇలాగే అవుతుంది.

చీమలు ఏరిపెట్టిన పళ్ళు

ఆల్ఫాడాన్ పళ్ళు దొరికే రాళ్ళు అమెరికాలోని వయోమింగ్, మోంటానా, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ కెనడాలోని అల్బెర్టాలోనూ ఉన్నాయి. డైనోసార్ల యుగపు చివరి అంకం నాటివి. వాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైన లాన్స్, హెల్ క్రీక్ పొరలు 6.6 కోట్ల ఏళ్ళ నాటి మహావినాశనం దాకా వచ్చి ఆగుతాయి.

ఎముక నీటిలో నానుతుంది, ఎండకు పగులుతుంది, చివరకు మట్టిలో కలుస్తుంది. పన్ను పైనుండే పింగాణి పొరలో 95 శాతానికి పైగా ఖనిజమే. శరీరంలో అంత గట్టి పదార్థం మరొకటి లేదు. నదిలో కొట్టుకుపోయినా పన్ను ఎంతోకొంత మిగులుతుంది. పైగా ఒక జంతువుకు ఒకే పుర్రె ఉంటే, ఒపోసమ్ తరహా జీవికి యాభై పళ్ళున్నాయి. అందుకే చిన్న క్షీరదాల చరిత్రలో నూటికి తొంభై పాళ్ళు పళ్ళ చరిత్రే అంటే అతిశయోక్తి కాదు.

కానీ రెండు మిల్లీమీటర్ల పన్నును మైళ్ళ తరబడి పరుచుకున్న బంజరులో వెతికేదెట్లా? దీనికి జాన్ బెల్ హ్యాచర్ అనే మనిషి చెప్పిన ఉపాయం నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒత్నియెల్ మార్ష్ తరఫున ఆయన 1889 నుంచి వయోమింగ్‌లో టన్నుల బరువున్న ట్రైసెరాటాప్స్ పుర్రెలు తవ్వితీశాడు. అదే చేత్తో బుల్లి పళ్ళనూ సేకరించాడు. అక్కడి చీమలు తమ పుట్టల మీద చిన్న చిన్న గులకరాళ్ళు తెచ్చి కప్పుతాయి. వాటికి గులక ఒకటే, పన్ను ఒకటే. హ్యాచర్ పిండి జల్లెడ పట్టుకుని పుట్ట మీది ఇసుకను జల్లించి, మిగిలిన రవ్వలను ఏరుకునేవాడు. ఒక్క పుట్ట నుంచి 200 నుంచి 300 దాకా పళ్ళు, దవడలు తరచుగా దొరికేవని ఆయన 1896లో రాశాడు. చీమలు లేని చోట పళ్ళు ఉన్నాయని తోస్తే, వేరే పుట్ట నుంచి చీమలతో సహా నాలుగు పారల ఇసుక తెచ్చి అక్కడ పోయమనీ, మళ్ళీ వచ్చేసరికి అవి పని చేసిపెడతాయనీ సలహా కూడా ఇచ్చాడు.

తర్వాతి తరం ఆ పనిని నీళ్ళలోకి మార్చింది. పళ్ళున్న మట్టిని బస్తాలకొద్దీ తవ్వి, ఎండబెట్టి, అడుగున సన్నని తీగవల బిగించిన పెట్టెల్లో పోసి నీటిలో నానబెట్టి కడుగుతారు. బురద కారిపోగా మిగిలిన ఇసుకను సూక్ష్మదర్శిని కింద రవ్వరవ్వగా చూస్తారు. విలియమ్ క్లెమెన్స్ ఈ పద్ధతితోనే లాన్స్ పొరల నుంచి వేల సంఖ్యలో పళ్ళు సేకరించి, 1960లలో వాటిని వర్ణించాడు.

పళ్ళకు పేర్లు, పేర్లకు పళ్ళు

ఇక్కడ అసలు తలనొప్పి మొదలవుతుంది. జల్లెడలో దొరికేవి విడి పళ్ళు. ఒకే జంతువు పై దవడలోని మొదటి చర్వణకం (నమిలే వెనక పన్ను), నాలుగో చర్వణకం చూడటానికి వేర్వేరుగా ఉంటాయి. కింది దవడవి ఇంకోలా ఉంటాయి. మార్ష్ హ్యాచర్ పంపిన పళ్ళను చూసి వరసగా కొత్త పేర్లు పెట్టుకుంటూ పోయాడు. ఒకే జీవికి కింది పన్ను ఒక పేరుతో, పై పన్ను ఇంకో పేరుతో నమోదైన సందర్భాలున్నాయి. ఈ గందరగోళాన్ని సర్దినవాళ్ళలో జార్జ్ గేలార్డ్ సింప్సన్ ముందువరసలో ఉంటాడు. 1927లో ఆల్ఫాడాన్ అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, స్థాపించినది ఆయనే. దాని మూల జాతి పేరు ఆల్ఫాడాన్ మార్షి.

సమస్య అంతటితో తీరలేదు. ఆల్ఫాడాన్ పళ్ళు ఏ ప్రత్యేకతా లేకుండా, ఆ శాఖకు మూసగా చెప్పుకోదగినంత సాదాగా ఉంటాయి. దాంతో అదే తరహా పన్ను ఎక్కడ దొరికినా ఆల్ఫాడాన్ ఖాతాలో వేసే అలవాటు పెరిగింది. కొన్ని దశాబ్దాలకు ఆ పేరు కింద డజనుకు పైగా జాతులు పోగయ్యాయి. 1990లో రిచర్డ్ సిఫెల్లి కొన్నిటిని విడదీసి టర్జిడోడాన్, ప్రొటాల్ఫాడాన్ అనే వేరే ప్రజాతులు చేశాడు. 1996లో మరో పునఃపరిశీలన ఇంకొన్నిటిని వరాల్ఫాడాన్‌గా వేరుచేసింది. కాబట్టి పాత పుస్తకంలో "ఆల్ఫాడాన్" అని చదివినప్పుడు అది నేటి లెక్కలో ఏ జంతువో మళ్ళీ చూసుకోవాలి. అంతర్జాలంలో తిరిగే "ఆల్ఫాడాన్ పొడవు 30 సెంటీమీటర్లు" లాంటి మాటను నేను నమ్మకపోవడానికి ఇదొక కారణం. ఏ జాతి, ఏ పన్ను, ఏ లెక్క అన్నది అందులో ఉండదు. పన్ను వైశాల్యం నుంచి శరీర బరువును అంచనా వేసే సూత్రాలు ఉన్నాయి. బతికున్న జంతువులను కొలిచి తయారుచేసినవవి. అవి కూడా ఒక సంఖ్యను ఇవ్వవు, ఒక పరిధిని ఇస్తాయి. తోక పొడవు వాటికి అసలు అందదు.

పన్ను మీది పటం

ఇంత చిన్న వస్తువు మీద ఇంత పెద్ద వాదం నిలుస్తోందంటే దాని ఉపరితలం ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూడాలి. సరీసృపాల పళ్ళు చాలావరకు కొక్కేల్లాంటివి. పట్టుకుంటాయి, చీలుస్తాయి. క్షీరదం దవడ పళ్ళు అలా కాదు, పైదీ కిందిదీ ఒకదానిలో ఒకటి కచ్చితంగా కూర్చుంటాయి. ఆల్ఫాడాన్ పై చర్వణకాన్ని కింది నుంచి చూస్తే ముక్కోణాకారంగా ఉంటుంది, మూడు మూలల్లో మూడు ప్రధాన శిఖరాలు. బుగ్గ వైపు రెండు, నాలుక వైపు ఒకటి. కింది చర్వణకం ముందు సగం ఎత్తుగా మూడు శిఖరాలతోనూ, వెనక సగం పల్లంగా గిన్నెలాగానూ ఉంటుంది. నోరు మూసినప్పుడు పై పన్నులోని నాలుక వైపు శిఖరం కింది పన్ను గిన్నెలోకి దిగుతుంది. రోట్లో రోకలి పోటు పడినట్టే. అదే క్షణంలో శిఖరాల మధ్య ఉన్న పదును గట్లు ఒకదాని పక్క నుంచి ఒకటి రాసుకుంటూ కోస్తాయి. ఒకే కదలికలో కోత, దంపుడు రెండూ జరుగుతాయి. కీటకాల గట్టి పెంకును పగలగొట్టి లోపలి మెత్తటి భాగాన్ని నమలడానికి ఇంతకన్నా అనువైన పనిముట్టు ఉండదు. పండునూ నలపగలదు.

ఈ నమూనా శిశుకోశ, జరాయు శాఖలు రెండింటి పూర్వీకుల్లోనూ ఉంది. కాబట్టి ఇది ఒక్కటే చూసి శాఖ చెప్పలేం. శాఖ చెప్పేది చిన్న వివరాలు. ఆల్ఫాడాన్ పై పన్నులో బుగ్గ వైపు శిఖరాలకు బయట వెడల్పాటి అరుగు లాంటి అంచు ఉంటుంది. దాని మీద చిన్న చిన్న బొడిపెలు వరసగా ఉంటాయి. కింది పన్ను వెనక భాగంలో నాలుక వైపు రెండు శిఖరాలు జంటగా దగ్గరకు జరిగి ఉంటాయి. దవడ ముక్క దొరికితే పళ్ళ లెక్క కూడా తోడవుతుంది. అగ్రచర్వణకాలు (చర్వణకాలకు ముందుండే పళ్ళు) మూడు, చర్వణకాలు నాలుగు. జరాయు క్షీరదాల్లో మామూలుగా చర్వణకాలు మూడే. దవడ వెనక మూల లోపలి వైపుకు వంగి ఉంటే అది ఇంకో ఆనవాలు. వీటిలో ఏ ఒక్కటీ తిరుగులేని రుజువు కాదు. అన్నీ ఒకే దిక్కుకు చూపించినప్పుడు మాట గట్టిపడుతుంది. ఆల్ఫాడాన్ విషయంలో అన్నీ ఒకే దిక్కుకు చూపిస్తున్నాయి.

పిల్లగా ఉన్నప్పటి సంగతి కూడా పళ్ళలో ఉంటుంది. మనకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. కుంతకాలు, రదనికలు, పాలదవడ పళ్ళు అన్నీ మారతాయి. ఒపోసమ్‌కు, కంగారూకు ఒక్కో వైపు ఒక్కో దవడలో మూడో అగ్రచర్వణకం ఒక్కటే మారుతుంది. మిగతావి ఒకసారి వస్తే అంతే. పుట్టీ పుట్టగానే చన్నును నోటితో పట్టుకుని వారాల పాటు వదలని పిల్లకు ఆ దశలో పళ్ళు రావడం కుదరదు కాబట్టి ఈ తీరు ఏర్పడి ఉంటుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. 1996లో సిఫెల్లి, ఆయన సహచరులు ఎదిగీ ఎదగని ఒక ఆల్ఫాడాన్ దవడను ఎక్స్‌రే సీటీ యంత్రంలో పెట్టి, ఎముకను పగలగొట్టకుండా లోపల ఏ పన్ను కింద ఏ పన్ను సిద్ధమవుతోందో చూశారు. మూడో అగ్రచర్వణకం కింద తప్ప మరెక్కడా మారు పన్ను లేదు. అచ్చం నేటి శిశుకోశ క్షీరదాల తీరే. డైనోసార్ల కాలంలోనే ఈ శాఖ పిల్లలు తల్లి చన్నుకు అతుక్కుని పెరిగేవని చెప్పడానికి ఇంతవరకు దొరికిన సాక్ష్యాల్లో ఇది ఎంతో విలువైనది. సంచి ఉండేదా అంటే మాత్రం ఈ దవడ జవాబు చెప్పదు. నేటి ఒపోసమ్‌లలోనే సంచి లేని జాతులు చాలా ఉన్నాయి. చన్ను పట్టుకుని పెరగడం వేరు, సంచిలో పెరగడం వేరు.

చుట్టమే, తాత కాదు

ఆల్ఫాడాన్‌ను కొన్నిచోట్ల "మొదటి ఒపోసమ్" అని రాస్తారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా అలాగే తలచేవారు. డైనోసార్ల నాటి నుంచి ఒపోసమ్ మారలేదు, అది సజీవ శిలాజం అన్న మాట అలా ప్రచారంలోకి వచ్చింది. ఇప్పటి అవగాహన ప్రకారం బతికున్న శిశుకోశ క్షీరదాలన్నీ, వాటి ఉమ్మడి పూర్వీకుడి సంతానమంతా కలిసి ఒక లోపలి వలయం. ఆ వలయం బయట, అయినా మనకన్నా వాటికే దగ్గరగా ఉన్న అంతరించిన జీవులను కలుపుకుంటే పెద్ద వలయం, దాన్ని మెటాథీరియా అంటారు. ఆల్ఫాడాన్ పెద్ద వలయంలో ఉంది, లోపలి దానిలో లేదు. ఒపోసమ్‌కు ఎంత చుట్టమో కంగారూకూ అంతే చుట్టం. ఒపోసమ్ పళ్ళు పాత మూసను పెద్దగా మార్చుకోలేదు, కంగారూ పళ్ళు గడ్డి మేయడానికి తగ్గట్టు పూర్తిగా మారిపోయాయి. పోలిక అందుకే ఒపోసమ్‌తో కనబడుతుంది.

ఈ వలయాల హద్దులు తేల్చడం ఎంత కష్టమో సినోడెల్ఫిస్ చూపింది. చైనాలో దొరికిన 12.5 కోట్ల ఏళ్ళ నాటి ఈ జంతువుకు పళ్ళే కాదు, పూర్తి అస్థిపంజరం, బొచ్చు ముద్ర కూడా ఉన్నాయి. 2003లో దాన్ని శిశుకోశ శాఖలోని తొలి జీవిగా ప్రకటించారు. 2018లో ఆంబొలెస్టిస్ అనే మరో చైనా శిలాజాన్ని వర్ణించినవాళ్ళు రెండింటినీ పోల్చి, సినోడెల్ఫిస్ మన జరాయు శాఖదేనని తేల్చారు. ఒళ్ళంతా దొరికినదే శాఖ మారిందంటే, పళ్ళు మాత్రమే దొరికినవాటి గురించి ఎంత ఆచితూచి మాట్లాడాలో తెలుస్తుంది.

నేటి ఉత్తర అమెరికా ఒపోసమ్ కూడా ఆల్ఫాడాన్ వారసురాలు కాదు. ఉల్కాపాతం నాటి వినాశనంలో ఉత్తర అమెరికా మెటాథీరియన్లకు పెద్ద దెబ్బ తగిలింది. అంతకుముందు హెల్ క్రీక్ పొరల్లో జాతుల సంఖ్యలోనూ నమూనాల సంఖ్యలోనూ బలంగా ఉన్న ఈ శాఖ, ఆ గీత దాటాక పైపొరల్లో కొద్ది జాతులకు కుదించుకుపోయింది. జరాయు శాఖ వేగంగా విస్తరించింది. మిగిలిన మెటాథీరియన్లు ఉత్తర అమెరికాలో, ఐరోపాలో మయోసీన్ (సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ళ కిందటి యుగం) దాకా బతికి కనుమరుగయ్యాయి. దక్షిణ అమెరికాలో మాత్రం శాఖ పచ్చగా విస్తరించింది. అంటార్కిటికాకు ఆనుకుని ఉన్న సీమోర్ దీవిలో 1982లో ప్రకటించిన శిలాజం, అవి మంచులేని నాటి అంటార్కిటికా మీదుగా ఆస్ట్రేలియా చేరాయన్న వాదానికి బలమిచ్చింది. వర్జీనియా ఒపోసమ్ చాలా తర్వాత దక్షిణం నుంచి పైకి వచ్చిన వలసదారు.

పళ్ళ మీద వేసిన అంచనాను పుర్రె ఎలా సవరిస్తుందో ఆల్ఫాడాన్ ఇరుగుపొరుగు చెబుతుంది. డైడెల్ఫొడాన్ అదే కాలపు, అదే శాఖకు చెందిన పెద్ద జంతువు. 1889లో మార్ష్ పేరు పెట్టినప్పటి నుంచి శతాబ్దానికి పైగా అది ఉబ్బెత్తు అగ్రచర్వణకాలతోనే తెలుసు. నత్తలు, గవ్వలు నమిలే నీటికుక్క లాంటిదని కొందరు ఊహించారు. 2016లో ఉత్తర డకోటాలో దొరికిన దాదాపు పూర్తి పుర్రెను వర్ణించాక, శరీర పరిమాణంతో పోల్చి చూస్తే దాని కాటు బలం లెక్కగట్టిన క్షీరదాలన్నిటిలో మేటి అని తేలింది. పళ్ళ మీది సూక్ష్మమైన గీతలు అది గవ్వలకే పరిమితం కాకుండా మాంసం, మొక్కలు కూడా తినేదని సూచించాయి. పన్ను "గట్టివి పగలగొట్టగలను" అని సరిగ్గానే చెప్పింది. "గవ్వలు" అన్నమాట మనం కలిపినది.

నస్కల్ పళ్ళు

మన నేల మీద ఇదే జల్లెడ పని జరిగింది. హైదరాబాద్‌కు పశ్చిమాన, ఇప్పటి వికారాబాద్ జిల్లాలో నస్కల్ అనే ఊరుంది. దక్కన్ లావా ఒకదాని మీద ఒకటి పొరలుగా పారిన కాలంలో, రెండు పొరల మధ్య విరామంలో అక్కడ చెరువుల అడుగున ఒండ్రు పేరుకుంది. ఆ మట్టిని కడిగి జల్లిస్తే దొరికిన బుల్లి పళ్ళను 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని నేచర్ పత్రికలో వర్ణించారు. భారతదేశంలో క్రెటేషియస్ యుగపు, అంటే డైనోసార్ల చివరి యుగపు, క్షీరదం దొరకడం అదే మొదటిసారి. పేరు డెక్కనోలెస్టిస్. ఆల్ఫాడాన్‌కు దాదాపు సమకాలికురాలు, అదే పరిమాణపు తరగతి, పన్ను తీరులో అదే మూల నమూనా. కానీ ఇది శిశుకోశ శాఖది కాదు, జరాయు శాఖది. పై పన్ను అంచు, కింది పన్ను శిఖరాల అమరిక అదే చెబుతున్నాయి. దూరం నుంచి ఒకేలా కనబడే రెండు పళ్ళను అంచు వివరాలు విడదీయడం ఇక్కడ స్పష్టంగా చూడవచ్చు. ఒపోసమ్ తరహా పళ్ళు కూడా మన దేశంలో లేకపోలేదు. గుజరాత్‌లో సూరత్ జిల్లా వస్తాన్ లిగ్నైట్ గనిలో, దాదాపు కోటి ఏళ్ళ తర్వాతి పొరల్లో, ఇండోడెల్ఫిస్ అనే జీవి పళ్ళు దొరికాయి.

నస్కల్ మట్టిలో పళ్ళతో పాటు విడిగా చీలమండ ఎముకలు కూడా బయటపడ్డాయి. 1994లో ప్రసాద్, మార్క్ గొదినో వాటిని పరిశీలించి, కీళ్ళ వంపులను బట్టి చెట్లెక్కే జంతువు కాలివని అభిప్రాయపడ్డారు. ఏ పన్నుకు ఏ కాలో చెప్పే అస్థిపంజరం లేదు. ఆ చోట ఎక్కువగా దొరికే క్షీరదం, పరిమాణంలో సరిపోయేది డెక్కనోలెస్టిస్ కాబట్టి ఆ ఎముకలు దానివని జత చేశారు. 2010లో చేతి ఎముకలను వర్ణించిన మరో పరిశోధన కూడా చెట్లెక్కే జీవితాన్నే సమర్థించింది. చుట్టరికం దగ్గర మాత్రం అభిప్రాయాలు చీలిపోయాయి. కోతులు, చెట్టు చుంచులు ఉన్న సమూహానికి దగ్గరి చుట్టమని కొందరంటే, ఆఫ్రికా, ఐరోపాల్లో పళ్ళ ద్వారానే తెలిసిన అడాపిసోరికులిడ్ కుటుంబానిదనీ, జరాయు శాఖ మొదట్లోనే విడిపోయిందనీ ఇంకొందరన్నారు. రెండు పక్షాలూ ఎక్కువగా వాదిస్తున్నది అవే పళ్ళ శిఖరాల మీద, గట్ల మీద. చెవి ఎముకలున్న పుర్రె ఒక్కటి దొరికినా ఆ వాదం ఒక కొలిక్కి వచ్చేది. పుర్రె ఇంకా దొరకలేదు.